యూరప్ ప్రభుత్వ టెండర్‌కు డిజిటల్ సంతకం: ఏది తీసుకోవాలి, ఎలా పెట్టాలి, పడిందో లేదో ఎలా చూసుకోవాలి

"అన్నా, నా దగ్గర క్లాస్ 3 డీఎస్‌సీ ఉంది. దాంతో యూరప్‌లో గవర్నమెంట్ టెండర్ వేయొచ్చా?"

హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి, ఈ మధ్య మ్యూనిక్‌లో, డబ్లిన్‌లో చిన్న కంపెనీలు పెట్టుకున్న మనవాళ్ల నుంచి నాకు వచ్చే ప్రశ్నల్లో సగం ఇదే. డీఎస్‌సీ అనగానే టీచర్ పోస్టుల పరీక్ష గుర్తొచ్చేవాళ్లు కంగారు పడకండి. మన రాష్ట్రాల ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో బిడ్ వేసేటప్పుడు లాప్‌టాప్‌కు గుచ్చే యూఎస్‌బీ టోకెన్, అంటే డిజిటల్ సంతకం సర్టిఫికెట్ సంగతి ఇది.

చిన్న జవాబు: యూరప్‌లో క్వాలిఫైడ్ సంతకం (అక్కడి చట్టంలో అన్నిటికన్నా గట్టి రకం) అడిగిన చోట ఆ టోకెన్ చెల్లదు. అడగని చోట దాని అవసరమే లేదు.

మిగతా అంతా కింద ఉంది. నేను బెల్జియంలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీకి టెండర్ల పని చూస్తాను. లాయర్‌ని కాను. చేతులు కాల్చుకుని నేర్చుకున్నదే రాస్తున్నాను.

సంతకం కంటే ముందు: అసలు మీరు టెండర్ వేయొచ్చా?

ప్రపంచ వాణిజ్య సంస్థలో ప్రభుత్వ కొనుగోళ్ల ఒప్పందం ఒకటుంది. అందులో భారత్ 2010 నుంచి పరిశీలక దేశం మాత్రమే, సభ్య దేశం కాదు. ఒప్పందం లేని దేశపు కంపెనీకి సమాన అవకాశం అడిగే హక్కు లేదని 2024 అక్టోబర్ 22న యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం తీర్పు ఇచ్చింది. ఆ కేసులో కంపెనీ టర్కీది, కాంట్రాక్ట్ క్రొయేషియా రైల్వేది. రానివ్వాలా వద్దా అన్నది టెండర్ పిలిచిన సంస్థ ఇష్టం. కాబట్టి హైదరాబాద్ కంపెనీ పేరుతో నేరుగా వేసే ముందు, పోర్టల్‌లోని ప్రశ్నల విభాగంలో "మమ్మల్ని అనుమతిస్తారా?" అని రాతపూర్వకంగా అడగండి. యూరప్‌లో రిజిస్టరైన మీ సొంత కంపెనీ ద్వారానో, అక్కడి కంపెనీకి సబ్ కాంట్రాక్టర్‌గానో వెళ్లడం మామూలుగా సులువైన దారి.

మూడు రకాల సంతకాలు, ఒక్క పేరాలో

2016 జులై 1 నుంచి యూరోపియన్ యూనియన్ అంతటా ఒకే చట్టం నడుస్తోంది. పేరు ఈఐడాస్, నంబర్ 910/2014. దాని ప్రకారం మెయిల్ కింద పేరు టైప్ చేసినా, సంతకం బొమ్మ అతికించినా అది మామూలు ఎలక్ట్రానిక్ సంతకం. ఎవరు పెట్టారో తెలిసేలా, తర్వాత ఫైల్ మారితే దొరికిపోయేలా ఉంటే అడ్వాన్స్‌డ్ సంతకం. దానికి తోడు ప్రభుత్వ పర్యవేక్షణలో ఉన్న సంస్థ మీ గుర్తింపు చూసి ఇచ్చిన సర్టిఫికెట్, భద్రమైన పరికరం రెండూ ఉంటే క్వాలిఫైడ్ సంతకం. చట్టం దీన్నొక్కదాన్నే చేత్తో పెట్టిన సంతకంతో సమానమంటుంది. ఎస్టోనియాలో పెట్టినా పోర్చుగల్‌లో ఒప్పుకోవాల్సిందే. థియరీ ఇంతే.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- సంతకం పెట్టే వ్యక్తి పాస్‌పోర్టు లేదా ఆ దేశపు రెసిడెన్స్ కార్డు
- కంపెనీ రిజిస్టర్ నుంచి తాజా పత్రం. ఎవరికి సంతకం పెట్టే అధికారం ఉందో అందులో కనిపించాలి
- డైరెక్టర్ కానివాళ్లు సంతకం పెడుతుంటే, వాళ్లకు అధికారం ఇస్తూ డైరెక్టర్ సంతకం చేసిన పత్రం
- కార్డు వాడేట్టయితే కార్డ్ రీడర్. కార్డు లేకుండా ఫోన్ ద్వారా పెట్టే రిమోట్ సంతకమైతే ఫోన్, అందులో సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థ యాప్
- గడువుకు కనీసం 2 వారాల ముందు మొదలుపెట్టే ఓపిక

చివరిది ఊరికే రాయలేదు. సర్టిఫికెట్ కోసం గుర్తింపు పరీక్ష కొన్నిచోట్ల ఒక్క రోజులో అయిపోతుంది. పేరులో తేడా వస్తే మాత్రం వారం దాటుతుంది. పేర్ల గోల 2వ స్టెప్‌లో చెబుతాను.

స్టెప్ 1. ఏ సంతకం అడిగారో చదవండి. కొనడం తర్వాత

నేను చూసిన వాళ్లలో ఎక్కువమంది ముందు సర్టిఫికెట్ కొని, ఆ తర్వాత టెండర్ డాక్యుమెంట్ తెరుస్తారు. ఈ వరుసను తలకిందులు చేయండి.

విలువ ఒక పరిమితి దాటిన టెండర్లన్నీ టెడ్ అనే ఉమ్మడి వెబ్‌సైట్‌లో వస్తాయి. 2026 జనవరి 1 నుంచి వస్తువులు, సేవలకు ఆ పరిమితి కేంద్ర ప్రభుత్వ సంస్థలకు 1,40,000 యూరోలు, స్థానిక సంస్థలకు 2,16,000 యూరోలు. 2023 అక్టోబర్ చివరి నుంచి ఈ ప్రకటనలన్నీ ఈఫామ్స్ అనే ఒకే నమూనాలో ఉంటున్నాయి. అందులో బీటీ-744 అనే గడి ఉంటుంది. అడ్వాన్స్‌డ్ లేదా క్వాలిఫైడ్ సంతకం కావాలా అన్నది అక్కడే చెబుతారు. తెర మీద ఆ నంబర్ కనిపించకపోవచ్చు. ప్రతి లాట్ (టెండర్‌లో ఒక్కో భాగం) కింద ఆఫర్ సమర్పణ షరతుల్లో ఆ వాక్యం వెతకండి. అక్కడ చూసినా సరే, టెండర్ డాక్యుమెంట్‌లో కూడా మళ్లీ చూడండి. రెండింటికీ పొంతన లేకపోతే పోర్టల్‌లో ప్రశ్న వేయండి, ఊహించుకోవద్దు.

దేశానికో పద్ధతి:

జర్మనీలో చాలా టెండర్లకు టెక్స్ట్ ఫామ్ సరిపోతుంది. అంటే ఆఫర్‌లో మీ పేరు స్పష్టంగా టైప్ చేసి పోర్టల్ ద్వారా పంపితే చాలు. ప్రత్యేక భద్రత కావాలనుకున్నప్పుడే సంతకం అడుగుతారు. ఇది తెలియక క్వాలిఫైడ్ సర్టిఫికెట్ కొని డబ్బు వదిలించుకున్నవాళ్లు నాకు తెలుసు. ఆస్ట్రియాలో పరిమితి దాటిన టెండర్‌కు క్వాలిఫైడ్ సంతకం గానీ క్వాలిఫైడ్ సీల్ (కంపెనీ పేరు మీద వేసే ఎలక్ట్రానిక్ ముద్ర) గానీ ఉండాలి. పోలాండ్‌లో పరిమితి దాటితే క్వాలిఫైడ్ సంతకం లేని ఆఫర్ చెల్లదు. దాటకపోతే అక్కడి ప్రభుత్వ పోర్టల్ ఇచ్చే ట్రస్టెడ్ సంతకంతోనూ పని జరుగుతుంది. ఫ్రాన్స్‌లో ప్రత్యేకంగా అడగకపోతే ఆఫర్ వేసేటప్పుడు సంతకం అక్కర్లేదు, కాంట్రాక్ట్ మీకు వచ్చాక పెడతారు. ఇటలీలో సంతకం పెట్టిన ఫైలు తరచుగా పీ7ఎం అనే తోకతో కనిపిస్తుంది. చూసి భయపడొద్దు, అది క్యాడెస్ అనే సంతకం ఫార్మాట్. బెల్జియంలో విడివిడి ఫైళ్ల మీద కాకుండా, పోర్టల్ తయారుచేసే సమర్పణ రిపోర్టు మీద క్వాలిఫైడ్ సంతకం పెడితే మొత్తం ఆఫర్‌కు వర్తిస్తుంది.

స్టెప్ 2. ఎవరు సంతకం పెట్టాలో తేల్చండి

ఇద్దరు డైరెక్టర్లు కలిసి సంతకం పెట్టాలని మీ కంపెనీ రిజిస్టర్‌లో ఉంటే, ఒక్కరిది సరిపోదు. ఇద్దరికీ సర్టిఫికెట్లు కావాలి. కంపెనీ పేరు మీద వచ్చే సీల్ వేరు, మనిషి పేరు మీద వచ్చే సంతకం వేరు. సంతకం అడిగిన చోట సీల్ వేస్తే అది రబ్బర్ స్టాంప్ వేసి సంతకం మర్చిపోయినట్టే.

ఇప్పుడు పేర్ల గోల. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండటం, ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండటం, పూర్తి ఇంటిపేరూ సొంత పేరూ ఒకే గడిలో ఇరికించడం, అన్నీ మామూలే. సర్టిఫికెట్‌లో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే పడుతుంది. కంపెనీ రిజిస్టర్‌లో అకౌంటెంట్ ఇంకోలా నమోదు చేసి ఉంటాడు. ఆఫర్‌లో మీరు మూడో రకంగా టైప్ చేస్తారు. తెరిచి చూసే అధికారికి అవి ముగ్గురు మనుషుల పేర్లలా కనిపిస్తాయి. సర్టిఫికెట్‌కు అప్లై చేయకముందే కంపెనీ రిజిస్టర్‌లో పేరును పాస్‌పోర్టుకు సరిపోయేలా మార్పించండి. అంత టైమ్ లేకపోతే, ఈ రెండు పేర్లూ ఒకరివేనని చెప్పే ఒక పేజీ వివరణకు పాస్‌పోర్టు కాపీ జతచేసి ఆఫర్‌తో పంపండి.

స్టెప్ 3. సర్టిఫికెట్ తీసుకోండి, ఇచ్చేవాళ్లను తనిఖీ చేయండి

మీరుండే దేశం మీకు ఇప్పటికే ఇచ్చి ఉండొచ్చు, ముందు అది చూడండి. బెల్జియంలో విదేశీయుల ఎలక్ట్రానిక్ కార్డులోనే సంతకం సర్టిఫికెట్ ఉంటుంది. లేదంటే ఇట్స్‌మీ యాప్ ఉంది. ఆస్ట్రియాలో ఐడీ ఆస్ట్రియా ఉంది. ఎస్టోనియా 2014 డిసెంబర్ నుంచి విదేశీయులకు కూడా ఈ-రెసిడెన్సీ కార్డు ఇస్తోంది. ఇండియాలో ఉంటున్నవాళ్లు కూడా తీసుకోవచ్చు, దాంతో పెట్టే సంతకం క్వాలిఫైడే. ఆ కార్డులో పిన్1 లాగిన్‌కు, పిన్2 సంతకానికి. వరుసగా 3 సార్లు తప్పు కొడితే లాక్ అయిపోతుంది, అప్పుడు లాక్ తీసే పీయూకే కోడ్ కావాలి. ఆ కోడ్ ఉన్న కవరు ఎక్కడ పెట్టారో ఇప్పుడే గుర్తు చేసుకోండి.

ఇవేవీ లేకపోతే ప్రైవేటు సంస్థ దగ్గర కొనాలి. డబ్బు కట్టే ముందు యూరోపియన్ కమిషన్ వారి ఈఐడాస్ డాష్‌బోర్డ్ తెరవండి. అన్ని దేశాల నమ్మకమైన సంస్థల జాబితాలు అక్కడ ఉంటాయి. దేశం, తర్వాత సంస్థ పేరు నొక్కండి. రెండు విషయాలు చూడండి. ఒకటి, ఎలక్ట్రానిక్ సంతకాలకు క్వాలిఫైడ్ సర్టిఫికెట్ ఇచ్చే సేవ వాళ్ల పేరు కింద ఉందా. రెండు, దాని స్థితి "గ్రాంటెడ్" అని ఉందా. కొన్ని సంస్థలకు టైమ్‌స్టాంప్ (ఏ సమయానికి సంతకం పెట్టారో చూపే ముద్ర) సేవకే క్వాలిఫైడ్ హోదా ఉంటుంది, సంతకానికి ఉండదు. ప్రకటనల్లో మాత్రం రెండూ కలిపేసి పెద్ద అక్షరాల్లో వేస్తారు.

బ్రిటన్, స్విట్జర్లాండ్ సర్టిఫికెట్లు ఈ జాబితాల్లోకి రావు. లండన్‌లో ఉన్న బంధువు దగ్గర ఉందని దాని మీద ఆధారపడొద్దు.

స్టెప్ 4. పోర్టల్‌లో రిజిస్టర్ అయి, ఒక ఉత్తుత్తి ఫైలుతో ప్రయత్నించండి

ప్రతి దేశానికీ, కొన్నిచోట్ల ప్రతి రాష్ట్రానికీ వేరే పోర్టల్. ఫైల్ సైజు ఎంతవరకు, ఏ ఫార్మాట్లు తీసుకుంటుంది, ఫైల్ పేరులో ఖాళీలు ఒప్పుకుంటుందా, ఇవన్నీ ఆఖరి రోజు తెలిస్తే టెన్షన్ తప్పదు. టెస్ట్ టెండర్ ఉంటే ఒకసారి వేసి చూడండి.

స్టెప్ 5. ఈఎస్‌పీడీ నింపండి

ఈఎస్‌పీడీ అంటే యూరోపియన్ సింగిల్ ప్రొక్యూర్‌మెంట్ డాక్యుమెంట్. ఇది "మా మీద కేసులు లేవు, పన్నులు కట్టాం, ఈ పని చేసే సామర్థ్యం ఉంది" అని మీకు మీరే ఇచ్చుకునే ధ్రువీకరణ. అసలు కాగితాలు సాధారణంగా గెలిచినవాళ్ల దగ్గరే అడుగుతారు. ఒకప్పుడు దీన్ని నింపడానికి కమిషన్ సొంత వెబ్‌సైట్ నడిపింది, 2019లో ఆపేసింది. పాత గైడ్లలోని లింకులు అందుకే పనిచేయవు. ఇప్పుడు దేశాల పోర్టళ్లలోనే నింపాలి.

టెండర్‌తో పాటు ఎక్స్ఎంఎల్ ఫైలు ఇస్తే దాన్నే పోర్టల్‌లోకి దిగుమతి చేసి నింపండి. నోట్‌ప్యాడ్‌లో తెరిచి దిద్దొద్దు. కొన్ని కంపెనీలు కలిసి కన్సార్టియంగా వేస్తే ప్రతి కంపెనీ తన ఈఎస్‌పీడీ విడిగా ఇవ్వాలి. అర్హత చూపించడానికి వేరే కంపెనీ సామర్థ్యాన్ని వాడుకుంటుంటే వాళ్లది కూడా. హైదరాబాద్ మాతృసంస్థ అనుభవాన్ని యూరప్ కంపెనీ తనదిగా చూపేటప్పుడు మనవాళ్లు ఎక్కువగా జారిపడేది ఇక్కడే.

స్టెప్ 6. ఫైలు ఖరారు చేసి, అప్పుడే సంతకం

వరుస ఇది: రాయడం, దిద్దడం, పీడీఎఫ్ చేయడం, సైజు తగ్గించడం, పేరు పెట్టడం. అన్నీ అయ్యాక ఆఖరున సంతకం. ఆ తర్వాత ఆ ఫైలును ముట్టుకోవద్దు.

మా ఆఫీసులో ఒకసారి ఏం జరిగిందంటే, నేను సంతకం పెట్టిన పీడీఎఫ్ పోర్టల్ పరిమితి దాటింది. సహోద్యోగి మంచి మనసుతో దాన్ని ఆన్‌లైన్‌లో కంప్రెస్ చేసి అప్‌లోడ్ చేశాడు. తెర మీద నా పేరు, తేదీ ఉన్న ముద్ర అలాగే కనిపిస్తోంది. లోపల సంతకం మాత్రం లేదు. గడువుకు 40 నిమిషాల ముందు అనుమానం వచ్చి చూస్తే తెలిసింది. ఆ రోజు కాఫీ కూడా తాగబుద్ధి కాలేదు.

సంతకాన్ని చంపే పనులివి: కంప్రెస్ చేయడం, రెండు పీడీఎఫ్‌లు కలపడం, "ప్రింట్ టు పీడీఎఫ్" కొట్టడం, ప్రింట్ తీసి స్కాన్ చేయడం, ఎక్స్ఎంఎల్ ఫైలును అందంగా కనిపించేలా సర్దడం. ఇద్దరు సంతకం పెట్టాలంటే ఒకరు పెట్టిన ఫైలు మీదే రెండోవారు పెట్టాలి, వేర్వేరు కాపీల మీద కాదు.

ఫార్మాట్ ఎంచుకోమంటే: పీడీఎఫ్‌కు ప్యాడెస్, ఎక్స్ఎంఎల్‌కు ఎక్స్‌యాడెస్, మిగతా ఏ ఫైలుకైనా క్యాడెస్, చాలా ఫైళ్లను ఒక మూటగా కట్టాలంటే యాసిక్. వీటిని దేశాల ప్రభుత్వ సంస్థలు గుర్తించాలని కమిషన్ 2015లోనే నిర్ణయించింది. అయినా టెండర్‌లో ప్రత్యేకంగా ఏదైనా చెబితే అదే వాడండి. స్థాయి అడిగితే "బేస్‌లైన్ టీ" లేదా అంతకన్నా పైది పెట్టండి. టీ అంటే టైమ్‌స్టాంప్. అది లేకపోతే, రేపు మీ సర్టిఫికెట్ గడువు తీరాక ఈ సంతకం గడువు లోపలే పెట్టారని నిరూపించడం కష్టం.

స్టెప్ 7. పంపే ముందు మీరే తనిఖీ చేయండి

ఈ గైడ్‌లో ఒక్క స్టెప్పే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

ఇంటర్నెట్‌లో డౌన్‌లోడ్ చేసిన ఈ-ఆధార్ పీడీఎఫ్‌లో పసుపు రంగు ప్రశ్న గుర్తు వస్తుంది కదా. దాని మీద రైట్ క్లిక్ చేసి, సర్టిఫికెట్‌ను నమ్మకమైనవాటిలో కలిపితే ఆకుపచ్చ టిక్ అవుతుంది. ఆ అలవాటుతో మనవాళ్లు ఇక్కడా అదే చేస్తారు. ఆ టిక్ మీ కంప్యూటర్‌లో మాత్రమే. అధికారి కంప్యూటర్‌లో అది ప్రశ్న గుర్తుగానే ఉంటుంది. పైగా అడోబీకి సొంత నమ్మక జాబితా ఒకటుంది, దాంట్లో ఉన్నంత మాత్రాన సంతకం క్వాలిఫైడ్ అయిపోదు. అడోబీతోనే చూడాలంటే ప్రిఫరెన్సెస్‌లో ట్రస్ట్ మేనేజర్‌కు వెళ్లి యూరప్ నమ్మక జాబితాను లోడ్ చేసుకోండి. ఆ తర్వాత కూడా దాన్ని తొలి చూపుగానే భావించండి.

అసలు పరీక్షకు కమిషన్ వారి డీఎస్ఎస్ (సంతకాలు పెట్టే, తనిఖీ చేసే సాఫ్ట్‌వేర్) డెమో పేజీ ఉంది. "వేలిడేట్ ఎ సిగ్నేచర్" నొక్కి ఫైలు ఇవ్వండి. ధరల పట్టిక లాంటి గోప్యమైన ఫైలు బయటి సర్వర్‌లో పెట్టడం ఇష్టం లేకపోతే, అదే సాఫ్ట్‌వేర్‌ను దించుకుని మీ కంప్యూటర్‌లో నడపొచ్చు. అది ఓపెన్ సోర్స్. అదీ కుదరకపోతే, అదే సర్టిఫికెట్‌తో అదే పద్ధతిలో ఒక ఖాళీ పేజీ మీద సంతకం పెట్టి దాన్ని పరీక్షించండి. అయితే అది మీ పద్ధతి సరైనదని మాత్రమే చెబుతుంది, అసలు ఫైలు చెడిపోలేదని చెప్పదు.

రిపోర్టులో రెండు చోట్ల చూడాలి.

మొదటిది ఫలితం. "టోటల్ పాస్డ్" వస్తే బాగుంది. "టోటల్ ఫెయిల్డ్" వస్తే సాధారణంగా సంతకం తర్వాత ఫైలు మారిందని అర్థం, అసలు ఫైలుకు తిరిగి వెళ్లి మళ్లీ సంతకం పెట్టండి. "ఇండిటర్మినేట్" వస్తే కింద కారణం చదవండి. సర్టిఫికెట్ గొలుసు (మీ సర్టిఫికెట్ నుంచి నమ్మకమైన సంస్థ వరకు ఉండే లింకు) దొరకలేదని ఉంటే, మీరు వాడినది యూరప్ జాబితాలో లేనిది. క్లాస్ 3 టోకెన్‌తో పెట్టి చూడండి, ఇదే వస్తుంది. సంతకం సేవ ఇచ్చే డెమో ఖాతాతో పెట్టినా ఇంతే. "ట్రై లేటర్" అని ఉంటే సర్టిఫికెట్ రద్దయిందో లేదో చెప్పే తాజా సమాచారం ఇంకా రాలేదు, కాసేపాగి మళ్లీ చూడండి.

రెండోది స్థాయి. ఇక్కడ "క్యూఈసిగ్" అని ఉంటేనే క్వాలిఫైడ్. "ఏడీఈసిగ్-క్యూసీ" అని ఉంటే సర్టిఫికెట్ క్వాలిఫైడే గానీ భద్రమైన పరికరం లేదు. అడ్వాన్స్‌డ్ అడిగిన చోట పనికొస్తుంది, క్వాలిఫైడ్ అడిగిన చోట పనికిరాదు. ఫలితం ఆకుపచ్చగా ఉందని చాలామంది ఈ రెండో గడి చూడరు.

ఆ రిపోర్టును పీడీఎఫ్‌గా దాచుకోండి. తర్వాత ఎవరైనా "మీ సంతకం చెల్లలేదు" అంటే మీ చేతిలో ఉండే ఆధారం అదే.

స్టెప్ 8. అప్‌లోడ్, రసీదు

గడువు యూరప్ సమయంలో ఉంటుంది. బెల్జియం, జర్మనీ, ఫ్రాన్స్‌ల కంటే భారత్ వేసవిలో 3 గంటల 30 నిమిషాలు, చలికాలంలో 4 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. మార్చి, అక్టోబర్ చివరి ఆదివారాల్లో గడియారం మారుతుంది. ఫిన్లాండ్ వీళ్లకు ఒక గంట ముందు, పోర్చుగల్ ఒక గంట వెనక. ప్రకటనలో గడువు పక్కన యూటీసీ తేడా రాసి ఉంటే దాన్నే నమ్మండి.

మామూలుగా లెక్కలోకి వచ్చేది మీరు అప్‌లోడ్ మొదలుపెట్టిన సమయం కాదు, ఆఫర్ మొత్తం చేరిన సమయం. ముందు రోజే పంపేయండి. మార్పు ఉంటే చాలా పోర్టళ్లలో గడువులోగా వెనక్కి తీసుకుని మళ్లీ వేయొచ్చు. "డ్రాఫ్ట్ సేవ్ అయింది" అన్న సందేశం రసీదు కాదు. సమర్పించినట్టు తేదీ, సమయంతో రసీదు వచ్చిందా, పోర్టల్‌లో స్థితి మారిందా, రెండూ చూసుకోండి. వీలైతే అక్కడి నుంచే ఫైలును తిరిగి దించుకుని 7వ స్టెప్ మరోసారి చేయండి.

పోర్టలే మొరాయిస్తే? ఎర్రర్ సందేశాన్ని సమయంతో సహా స్క్రీన్‌షాట్ తీయండి, హెల్ప్‌డెస్క్‌కు గడువు లోపలే మెయిల్ పెట్టండి. ఆఫర్‌ను మాత్రం మెయిల్‌లో పంపొద్దు. ధరలు ముందే తెరిచినట్టవుతుంది, తిరస్కరించడానికి అదే కారణం కావొచ్చు.

గెలిస్తే

ఫలితం ఎలక్ట్రానిక్‌గా పంపితే, పరిమితి దాటిన టెండర్లలో కాంట్రాక్ట్ సంతకానికి ముందు కనీసం 10 రోజులు ఆగుతారు. ఓడినవాళ్లు అభ్యంతరం చెప్పుకోవడానికి ఆ సమయం. మీరు ఓడినా ఆ 10 రోజులే మీకుంటాయి, తర్వాత చూద్దాం అనుకోవద్దు.

కాంట్రాక్ట్ మొదలవగానే ఇన్‌వాయిస్ సంగతి చూడండి. మెయిల్‌లో పంపే పీడీఎఫ్ ఇక్కడి చట్టం దృష్టిలో ఈ-ఇన్‌వాయిస్ కాదు. ఈఎన్ 16931 ప్రమాణంలో ఉన్న ఎక్స్ఎంఎల్ ఫైలు కావాలి. చాలా దేశాల్లో అది పెప్పోల్ నెట్‌వర్క్ ద్వారా వెళ్తుంది. మీరు మీ సర్వీసు ప్రొవైడర్‌కు ఇస్తారు, వాళ్లు కొనుగోలుదారు ప్రొవైడర్‌కు చేరుస్తారు. ఎవరి సాఫ్ట్‌వేర్ ఏదైనా పర్లేదు. కొనుగోలుదారు పెప్పోల్ ఐడీ, వాళ్ల ఆర్డర్ నంబర్ మొదటి రోజే రాసి తీసుకోండి. బెల్జియం సంస్థలకైతే ఆ ఐడీ 0208తో మొదలై కంపెనీ నంబర్‌తో ముగుస్తుంది. ఆర్డర్ నంబర్ లేని ఇన్‌వాయిస్ చాలాచోట్ల వెనక్కి వస్తుంది, అప్పుడు డబ్బు చెల్లింపు గడువు మళ్లీ మొదటి నుంచి లెక్కపెడతారు.